బండారి మీద ఒట్టు

కార్వాన్ బస్తీలో మేము కిరాయికున్న ఇంటి ఓనరు బావమరిది లాంతరు గుర్తు మీద అసెంబ్లీకి నిలబడి ఓడిపోయాడు. ఫలితం వచ్చిన మరునాడే ఓనరు పళ్లెం నిండా మల్లన్న బండారి, అంటే దేవుడి దగ్గరి పసుపు, తెచ్చి వాకిట్లో కుర్చీ వేసుకున్నాడు. కిరాయికున్న ఆరిళ్లవాళ్లమూ ఆ పసుపు చేతబట్టి లాంతరుకే వేశామని ఒట్టు వేయాలి. వేయనివాళ్లు గది ఖాళీ చేయాలి.

ఆ రోజు రెండు వందల మంది చూస్తుండగా నేను సింహంలా గర్జించాను. సరే, రెండు వందలు కాదు, పన్నెండు మంది. గర్జించడమూ కాదు, గొంతు కీచుమంది. మాటలు మాత్రం ఇవే.

"రా భాయ్, నీ వంతు. పట్టు బండారి," అన్నాడు ఓనరు.

"పట్ట సేఠ్."

"ఏంది? లాంతరుకు వెయ్యలేదా?"

"వెయ్యలే. గది నీది, ఓటు నాది."

"బస్సుల కింద పండి నట్లు బిగించెటోనికి గింత పొగరా!"

"కింద పండెటోనికే పొగరుంటది సేఠ్. పైన కూసున్నోనికి భయముంటది."

"శనివారం లోపట ఖాళీ చెయ్!"

డిపోలో తోటి మెకానిక్కులకు ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడే ఆపేవాణ్ని. భుజం తట్టి చాయ్ పోయించేవారు. అసలు సంగతేమిటంటే, నేను లాంతరుకే వేశాను. గది పోతుందన్న భయంతో ముద్ర తీసుకెళ్లి దాని మీదే గుద్ది వచ్చాను. ఆ పసుపు పట్టుకున్నా అబద్ధమయ్యేది కాదు, గదీ దక్కేది. కానీ తెర చాటున చేసినదానికి వాకిట్లో సాక్ష్యం అడిగేసరికి ఒళ్లు మండి, వెయ్యలేదనేశాను. ఓటు ఎలాగూ భయపడి పారేసుకున్నాను, ఇక నోరు కూడా అప్పగించాలా?

శనివారం తోపుడు బండి మీద సామాను వేసుకుని బహదూర్‌పురా బయలుదేరాం. దారిలో నా భార్యకు నిజం చెప్పాను. ఆమె బండి ఆపేసింది.

"లాంతరుకేసినవా? మరి ఒట్టెయ్యనీకి ఏం రోగం?"

"గట్ల అడిగిండని వెయ్యలే."

"నేను వేరేదానికేసిన. అయినా కండ్లు మూసుకొని ఒట్టేస్తుంటి. మల్లన్నకు తర్వాత నేనే చెప్పుకుంటుంటి. నీ లొల్లిల నా వంతే రాకపాయె!"

నేనొక్కణ్నే బండి నెట్టబోయాను. ఆమె కూడా బండి మీద చేయి వేసింది.

"ఓటుకు భయపడ్డవ్ గని, మాట మంచిగన్నవ్. నెట్టు."