వంతెన ఎక్కిన లాప్‌టాప్

మా రూటు బస్సు డ్రైవరుని అందరూ గాలిబండి అంటారు. స్పీడ్ బ్రేకర్లు వేరే బళ్ళ కోసం వేశారని ఆయన అనుకుంటాడని ప్రయాణికుల నమ్మకం. దిగేటప్పుడు నడుం పట్టుకుని నవ్వేవాళ్ళే గానీ తిట్టేవాళ్ళు తక్కువ. టైముకి చేరుస్తాడు మరి.

ఆఖరి స్టాపులో బండి ఆపి, తుడుపుగుడ్డ భుజాన వేసుకున్నాడంటే ఇక కబుర్లే. ఇంజన్ల గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అలా విని నేర్చుకున్నవే. ఒక మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు తనివి తీరదు. "నిండా జనాన్ని ఎక్కించుకుని వంతెన ఎక్కించాలండీ. అప్పుడు తెలుస్తుంది బండి గుణం. ఖాళీగా, చదును మీద, ఏ డొక్కయినా పరుగెడుతుంది."

ఈమధ్య ఆయన కూతురికి యూనివర్సిటీలో భవనాల డిజైను కోర్సులో సీటొచ్చింది. ఇక గాలిబండి కాళ్ళు నేల మీద నిలవలేదు. బ్రేకు మీద సరేసరి. ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పాడు. దిగేవాళ్ళకి ఇంకోసారి చెప్పాడు.

క్లాసులు సోమవారం మొదలు. ఎవరి లాప్‌టాప్ వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. కొత్తది అందని ద్రాక్షే. ఎవరో వాడినదైతే కొనగలడు, అదీ ఒక్కసారే. ఎంపికలో తేడా వచ్చిందా, ఆ పిల్ల ఏడాదంతా పక్కవాళ్ళ స్క్రీను వంక తొంగిచూస్తూ చదవాల్సిందే.

ఆదివారం పొద్దున్నే తండ్రీకూతుళ్ళు పాత లాప్‌టాపులు బాగుచేసి అమ్మే కొట్టుకి వెళ్ళారు. తర్వాత జరిగింది సగం ఆయన చెప్పాడు, సగం ఆయన అమ్మలూ అని పిలిచే ఆ పిల్ల చెప్పింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డం.

ఇరుకు కొట్టు. గోడకి వేలాడే వైర్లు, డబ్బాల్లో మరలు, బల్ల మీద చిన్న బ్రష్షులు. కొట్టు నడిపే ఆవిడ నుదుటి మీదకి భూతద్దం నెట్టుకుని ఒక లాప్‌టాప్ ముందు పెట్టింది. మందంగా ఉంది. మూల గీసుకుపోయింది. కీల మీద అక్షరాలు సగం అరిగాయి. ఆన్ చేయగానే ఫ్యాను గుయ్యిమంది.

"ఇదేంటి చెల్లెమ్మా, మా బస్సుకి తోబుట్టువులా ఉంది!" అన్నాడు గాలిబండి.

"చూపుకి అలా ఉందిగానీ అన్నా, మెమరీ పెంచాను, బ్యాటరీ కొత్తది వేశాను. డిజైను చదివే పిల్లకి ఇదే పనికొస్తుంది."

ఆయన చెవిన పడలేదు. అప్పటికే ఆయన కళ్ళు పనిబల్ల మీద ఉన్న ఇంకోదాని మీద పడ్డాయి. పలుచగా, వెండిలా తళతళలాడుతోంది. దగ్గరికెళ్ళి చెవి ఆనించాడు. చప్పుడే లేదు! పాతికేళ్ళుగా ఇంజను మోత పక్కనే కూర్చున్న మనిషి. ఆ నిశ్శబ్దానికి పడిపోయాడు.

"అమ్మలూ, విన్నావా? ఆన్‌లో ఉందంటే నమ్ముతావా?"

"అది నిన్న సాయంత్రమే వచ్చిందన్నా. ధర రెండిటికీ ఒకటేగానీ, ఇంకా విప్పి చూడలేదు" అందావిడ.

"విప్పడమెందుకమ్మా, పిల్లిలా ఎంత బుద్ధిగా ఉందో! ధర కూడా ఒకటేనంటున్నావు. ఇచ్చెయ్."

నిజానికి అమ్మలుకీ దాని మీద మనసైంది. క్లాసులో బల్ల మీద అది ఎలా మెరుస్తుందో ఊహించేసుకుంది కూడా. డబ్బు తీయడానికి సంచీ తెరిచి, మళ్ళీ మూసింది.

"నాన్నా, వంతెన ఎక్కించొద్దూ?"

"ఏ వంతెన?"

"ఊరందరికీ చెబుతావుగా!"

గాలిబండి నాలుక కరుచుకున్నాడు. అమ్మలు పెన్‌డ్రైవ్ తీసింది. సెలవుల్లో స్నేహితురాలి కంప్యూటర్లో గీసిన బస్టాండు బొమ్మ అందులో ఉంది: మూడంతస్తులు, మెట్లు, కిటికీలు, చెట్లు, బస్సులు. కొట్టావిడ డ్రాయింగు సాఫ్ట్‌వేర్ తెరిచింది. అమ్మలు బొమ్మని గిర్రున తిప్పింది.

మొదట్లో బాగానే తిరిగింది. ఆనక నత్తనడక పట్టింది. గాలిబండి అలవాటు కొద్దీ కింద చెయ్యి పెట్టి, వేడికి చటుక్కున లాక్కున్నాడు.

"అమ్మో! రేడియేటరు పోయింది!"

అనడం, స్క్రీను నల్లబడడం ఒక్కసారే. కొట్టావిడ విప్పి చూస్తే, ఫ్యానుకి దుమ్ము దూదిలా చుట్టుకుని కదలనివ్వడం లేదు. అదీ దాని మౌనం!

"పైన పటారం, లోన లొటారం" అని నిట్టూర్చాడాయన.

"పాపం, చెడ్డదేం కాదన్నా. ఫ్యాను మార్చాలి. వచ్చేవారానికి ఇస్తాను."

వచ్చేవారం దాకా ఆగేదెక్కడ? మందపాటిదానికి పెన్‌డ్రైవ్ పెట్టారు. ఫ్యాను గుయ్యిమంది, తర్వాత రయ్యిమంది. బస్టాండు తిరిగింది. అమ్మలు ఇంకో అంతస్తు వేసింది, ఇంకా పది బస్సులు దింపింది. తిరుగుతూనే ఉంది. గాలిబండి కింద చెయ్యి పెట్టి అలాగే ఉంచాడు.

"ఎక్కేసింది అమ్మలూ! నిండు లోడుతో ఎక్కేసింది!"

"అరుస్తోంది నాన్నా."

"అరవనీవే! ఎక్కే బండి అరవదూ?"

సోమవారం పొద్దున అమ్మలు లాప్‌టాప్ సంచీ ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మొదటి స్పీడ్ బ్రేకరు రాగానే మేమంతా అలవాటుగా కమ్మీలు పట్టుకున్నాం. బస్సు దాని మీంచి నిండు పాలగిన్నె మోస్తున్నట్టు ఎక్కి, అంతే నెమ్మదిగా దిగింది.

కండక్టరమ్మ టిక్కెట్లు ఆపేసి వచ్చింది. "ఏం తమ్ముడూ, బండికి ఒంట్లో బాలేదా?"

"లోపల జనం ఉన్నారక్కా. జాగ్రత్తగా పోవద్దూ?"

"మరి ఇన్నాళ్ళూ మేమెవరం? బస్తాలమా?"

బస్సంతా గొల్లుమంది. అమ్మలు సంచీలో మొహం దాచుకుని నవ్వింది. యూనివర్సిటీ గేటు దగ్గర దిగి, సంచీ గుండెలకి హత్తుకుని చెయ్యూపింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళేదాకా గాలిబండి అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

తర్వాతి స్పీడ్ బ్రేకరు దగ్గర మా తలలు కప్పుకి తగిలాయి.