ఇప్పచెట్ల కింద అమ్మకు అప్పజెప్పిన పదో తరగతి

మా చిన్నప్పుడు ఇప్పపూలు రాలే రోజులూ, పదో తరగతి పరీక్షలూ ఒక్కసారే వచ్చేవి... దుమ్ముగూడెం అవతల, అడివిని ఆనుకొని ఉండేది మా ఊరు. రాలిన పూలు ఎండెక్కేలోపు ఏరుకోవాలె. ఒక చేతిలో గంప, ఇంకో చేతిలో సైన్సు పుస్తకం... నేను పదో తరగతిల ఉన్నప్పుడు, ఒక రోజు పూలూ సరిగ్గా ఏరలేదు, పుస్తకమూ చదవలేదు. ఏడుపొక్కటే వచ్చింది.

ముందు రోజే సారు ప్రీ-ఫైనల్ మార్కులు చెప్పిండు. లెక్కలు పంతొమ్మిది, సైన్సు ఇరవై రెండు. పేపరు చేతికిస్తూ నా మొహం కూడా చూడలేదు.

నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నం తింటూ, "పాసయితే చదువుకో. కాకపోతే అక్కతోని మిర్చి తోటకు పో," అన్నడు. అంతే.

అక్క రెండేండ్ల కింద పదో తరగతి తప్పింది. అప్పట్నుంచి పొద్దున ట్రాక్టరెక్కి మిర్చి ఏరడానికి పోయేది. ఇంటికొచ్చినంక మిర్చి మంటకు చేతులు నీళ్ల బకెట్లో పెట్టుకొని కూసునేది... ఆ చేతులు చూస్తే నాకు భయమయ్యేది.

పరీక్షలకు ఇంక పద్దెనిమిది రోజులే.

చేయని పని లేదు. గైడులో జవాబులన్నీ బట్టీ పట్టిన. బొగ్గుతోని గోడంతా సూత్రాలు రాసిన. ఫలానా ప్రశ్నలు తప్పకుండా వస్తాయని ఎవరో అంటే, అవే పదేసి సార్లు రాసిన. పొద్దున వచ్చింది మాపటికి పోయేది... రెండో లైను దగ్గర ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి. తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

ఆ రోజు చెట్టు కింద కూడా అట్లనే, గుండె పాఠం పైకి చదువుతున్న. పక్కన పూలేరుతున్న అమ్మ అడిగింది, "ఏందది? నాకు చెప్పు."

అమ్మకు చదువు రాదు. తెలుగు కూడా సంతలో బేరమాడేంతే వచ్చు. మా ఇంట్లో మాట్లాడేది కోయ. నాకు కోపమొచ్చింది. "నీకేం తెలుస్తదమ్మా, నువ్వెప్పుడన్నా బడికి పోయినవా?" అన్న.

అమ్మ గంప పక్కకు జరిపి, "పోలేదు. అందుకే అడుగుతున్న," అన్నది.

సరేనని కోయలో మొదలుపెట్టిన. గుండెకు నాలుగు గదులుంటాయని చెప్పిన.

"నాలుగెందుకు? ఒక్కటి చాలదా?"

ఏడాదంతా బట్టీ కొట్టిన పాఠం నాకే అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. అక్కడే ఎండాకుల మీద కూసొని ఏడ్చిన. అమ్మ ఓదార్చలేదు. "పుస్తకంల చూసి చెప్పు. నేనెక్కడికీ పోను," అన్నది.

చూసిన. మంచి రక్తం, చెడు రక్తం కలవకుండా ఉండడానికి అని చెప్పిన. అమ్మ తలూపింది.

ఇంక రోజూ పొద్దున అదే పని. ఒక పాఠం చదువుడు, పుస్తకం మూసి అమ్మకు కోయలో చెప్పుడు. ఎక్కడ తడబడితే అక్కడ మళ్లీ చదువుడు. అమ్మ పుస్తకం చూసి తప్పు పట్టలేదు గదా... "నిన్న ఇట్ల చెప్పలేదు నువ్వు," అని పట్టుకునేది.

చెట్టెక్కకుండనే దాని ఎత్తు చెప్పొచ్చంటే అమ్మ అస్సలు నమ్మలేదు. కర్ర పాతి, దాని నీడ, చెట్టు నీడ కొలిచి లెక్క చేసిన. మూడుసార్లు తప్పొచ్చింది. నాలుగోసారి ఎత్తు చెప్తే, అమ్మ పైకి చూసి, "గింతేనా?" అన్నది.

లెక్కల పరీక్ష రోజు పేపరు చూస్తే ఒక్కటీ తెలిసినట్టు లేదు. అరగంట ఏమీ రాయలేదు. చుట్టూ అందరూ రాస్తనే ఉన్నరు... ఆఖరికి ఒక్కో ప్రశ్ననీ మనసులో కోయలోకి మార్చుకొని, అమ్మకు చెప్తున్నట్టే రాసుకుంట పోయిన. మూడు పెద్ద లెక్కలు ముట్టుకోనే లేదు.

ఇంటికొచ్చి, "పోయింది," అన్న. పరీక్షలయిపోయిన తెల్లారి అక్క ట్రాక్టరెక్కుతుంటే నేను కూడా ఎక్కిన. ఎవరూ పొమ్మనలేదు. నేనే ఎక్కిన.

రిజల్ట్ రోజు చూసుకునే ధైర్యం నాకు లేదు. అక్కే కూలి మానుకొని, నా హాల్ టికెట్ పట్టుకొని భద్రాచలం నెట్ షాపుకు పోయింది. మధ్యాహ్నం బస్సు దిగి, వాకిట్లో నిలబడి చెప్పింది, "సైన్సు నలభై ఆరు. లెక్కలు ముప్పై ఏడు. పాసయినవ్."

చెప్పి గడపలో కూసొని ఏడ్చింది. నా కోసం ఏడ్చిందో, తన కోసం ఏడ్చిందో... నేను అడగలేదు.

అమ్మ మాత్రం నా దగ్గరికొచ్చి, "నేనడిగినవి వచ్చినయా?" అన్నది.

"రెండొచ్చినయ్ అమ్మా."

ఇప్పుడు నేను టీచర్ని. మా బడి పిల్లల ఫోన్లలో వీడియోలున్నయ్, మాడల్ పేపర్లున్నయ్. మంచిదే... మాకు అవి ఉంటే అంత ఏడ్చేవాళ్లం కాదేమో. కానీ చదివింది ఇంట్లో ఎవరికి చెప్తరని అడిగితే, తలలు దించుకుంటరు. చెప్పేవాళ్లు ఎంతమందో పెరిగిండ్రు. కూసొని వినేవాళ్లే తగ్గిపోయిండ్రు...

మీ పాఠాలు అప్పట్ల ఎవరు విన్నరు? వాళ్ల పేరు కింద రాయండి. ముందు నేనే రాస్తున్న... మా అమ్మ, ముత్తమ్మ.