గెలిచిన ఇంట మూడు రొట్టెలు

ఖతార్‌లోని అల్ వక్రాలో డ్రైవర్‌గా పనిచేసే మా బావను చూడటానికి వెళ్ళాను. పక్క గదిలో కుస్తీ నేర్పే పెద్దాయన ఉండేవాడు. రష్యా కొండల్లోని ఒసేషియా ఆయనది. తన శిష్యుడు పోటీ గెలిచాడని నేను వెళ్ళిన రోజు సాయంత్రం మమ్మల్ని విందుకు పిలిచాడు.

చీజ్ కూరి కాల్చిన మూడు గుండ్రటి రొట్టెలను, పైనున్న దేవుడికి మూడూ కనబడేలా కాస్త జరిపి పేర్చి, ప్రార్థనకు లేచాడు.

"మూడు పెడ్తె మంచిగుండదు," అని గొణిగి, మా బావ మేం తీసుకెళ్ళిన ఖుబూస్ రొట్టెల్లోంచి ఒకటి వాటిమీద పెట్టేశాడు.

పెద్దాయన ముఖం పాలిపోయింది. "సరి సంఖ్య చావింట్లో పెడతాం. ఈ మూడూ దేవుడికి, సూర్యుడికి, భూమికి," అన్నాడు వచ్చీరాని హిందీలో. గెలిచిన కుర్రాడు తల దించుకున్నాడు.

బావ చటుక్కున ఆ ఖుబూస్ తీసి నోట్లో కుక్కుకున్నాడు. "ఇగో, మూడే ఉన్నయి. యల్లా, ఇగ కానియ్యుండ్రి, మొక్కుండ్రి పెద్దయ్యా!"

తెలుగు తెలియకపోయినా పెద్దాయన పగలబడి నవ్వాడు. గోడలు అదిరేలా ప్రార్థన అందుకున్నాడు.

మొన్న నాకు ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ మూడు దోసెలు పెట్టి, మూడు అచ్చిరాదని నాలుగోది తెచ్చింది. కంచం పక్కకు లాక్కున్నాను.

"ఇయ్యాల గెలిచిన రోజమ్మా. మూడే ఉండాలె!"