బీరయ్య మామ కంటికి కట్టిన కట్టు

మొన్న కళ్ళ డాక్టరమ్మ నన్ను అక్షరాల అట్ట ముందు కూర్చోబెట్టి చదవమంది. "అమ్మా, నేను నాలుగో తరగతిలోనే బడి ఎగ్గొట్టినవాణ్ణి. ఇప్పుడు తడబడితే తప్పు కంటిదో చదువుదో మీరే తేల్చాలి" అన్నాను. ఆమె నవ్వుతూనే రెప్ప విడదీసి మందు చుక్క వేసింది. కంట్లో చల్లగా పడ్డ ఆ చుక్క గొంతులోకి చేదుగా దిగింది. గదిలో స్పిరిటు వాసన. నా నవ్వు ఆగిపోయింది. ఆసుపత్రి మంచం మీద తల కదల్చకుండా పడుకున్న బీరయ్య మామ గుర్తొచ్చాడు.

మామ మాకు చుట్టమేమీ కాదు. వికారాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలు కొని తాండూరు సంతలో అమ్మేవాడు. పోలీసు చర్య జరిగిన కొన్నేళ్ళకు, ఏ పనిలోనూ కుదురుగా నిలవని నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నాడు. చిన్నప్పుడు తుమ్మముల్లు గుచ్చుకుని ఆయనకు ఒక కన్ను పోయింది. మిగిలిన ఆ ఒక్క కంటితోనే మందనంతా కాచుకునేవాడు. గొర్రెను కొనేముందు దాని కింది రెప్ప తిప్పి లోపలి రంగు చూసేవాడు. ఎర్రగా ఉంటే బేరం, పాలిపోయి ఉంటే లేదు. "నెత్తురుంటెనే పానం. గిది ఇడిసి బొచ్చు జూసి మురిస్తె మునుగుతవ్ రా" అనేవాడు. గొర్రె ఒంటి మీద పులిపిరికాయ లేస్తే దాని మొదట్లో ఉన్నిదారం బిగించి కట్టేవాడు. నెత్తురు అందక అది ఎండి రాలిపోయేది. బిగించి కడితే ఎండిపోతుందన్నది ఆయన కళ్ళారా చూసిన సంగతి.

పందొమ్మిదివందల అరవైలలో ఒకనాడు సంతలో ఉన్నట్టుండి నా భుజం పట్టుకున్నాడు. "ఏందిరా, గొర్లన్ని నల్లగైనయ్?"

"మన గొర్లు ఎన్నడు తెల్లగున్నయ్ మామా?" అన్నాను.

వెంటనే తిట్టే మనిషి ఆరోజు తిట్టలేదు. కింది నుంచి నల్లటి తెర లేస్తోందనీ, ఎదురుగా నిలబడ్డ నా కాళ్ళు కనబడటం లేదనీ మెల్లగా చెప్పాడు. దొరికిన బండిలోనే పట్నం తీసుకుపోయాను. కంటి లోపలి గోడకు అతికి ఉండాల్సిన పొర ఊడిందన్నాడు అక్కడి డాక్టరు. కనుగుడ్డు చుట్టూ పట్టీ కట్టి గోడను లోపలికి నొక్కితే, పొర మళ్ళీ దానికి తగులుతుందట.

"చుట్టూ కడితె నెత్తురెట్ల పారుతది సారూ? కన్ను ఎండదా?" అన్నాడు మామ.

"మరీ బిగిస్తే నీ భయం నిజమే. వదులైతే పొర అతకదు. అందుకే కట్టాక దీపంతో లోపలికి చూస్తాం. రక్తం ఆడటం లేదనిపిస్తే సడలిస్తాం. కొంచెం తగ్గినంత మాత్రాన కన్ను పోదు" అన్నాడు డాక్టరు.

మామ నావైపు తిరిగాడు. "సమజైందారా?"

"బిగియాల్నట, బిగియద్దట" అన్నాను. నవ్వించడానికి అన్నది కాదు. నాకు అర్థమైంది అంతే.

ఆపరేషన్ అయింది. రెండు కళ్ళకూ కట్టు, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు. కదలవద్దన్నారు. మర్నాటికి కన్ను సలపడం మొదలైంది. మామ తడుముకుంటూ నా చెయ్యి అందుకుని, కట్టు ముడి మీద పెట్టుకున్నాడు. "అల్లుడా, ఎండుతున్నదిరా. జర గిది ఇప్పు. నీకు దండం పెడ్త, ఉన్నదొక్కటే కన్ను." డాక్టరు చెప్పిన పట్టీ ఆ గుడ్డే అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. విప్పితే పొర ఊడుతుందా? విప్పకపోతే నెత్తురు ఆగుతుందా? ఎంతటి ఇరకాటం నుంచైనా ఏదో ఒక మాట విసిరి బయటపడే నేను ఆ పూట చెయ్యి లాక్కుని వరండాలోకి ఉరికి, "సిస్టరమ్మా!" అని కేక వేశాను.

డాక్టరు వచ్చి కట్టు తీసి, దీపం వేసి చాలాసేపు చూశాడు. పట్టీ లోపల కుట్టి ఉందనీ, ఈ గుడ్డ పైన కాపు మాత్రమేననీ అప్పుడు చెప్పాడు. రక్తం ఆడుతూనే ఉందట, కానీ లోపల ఒత్తిడి పెరిగిందట. ఇంకా పెరిగితే రక్తం ఆగేదేనంటూ మాత్రలు మింగించాడు. అంటే మామ భయపడింది నిజమా, కాదా? గుడ్డ సంగతి తప్పు, నెత్తురు సంగతి ఒప్పు. చివరికి పొర అతికింది. మనుషులు కనబడ్డారు, గొర్రెలు కనబడ్డాయి. కింది వైపు మసక మాత్రం పోలేదు. అది పొర ఊడిన నాటిదా, ఒత్తిడి పెరిగిన నాటిదా అని అడిగితే డాక్టరు కూడా చెప్పలేనన్నాడు. నాకు ఈరోజుకీ తెలియదు. తెలియనిదాని మీద చెయ్యి వేసేముందు ఆగి, తెలిసినవాళ్ళను పిలవడం మాత్రం ఆ మంచం పక్కన అలవడింది. ఇన్నేళ్ళలో అది నన్ను చాలాచోట్ల కాపాడింది.

ఇంటికి తిరిగొస్తూ వికారాబాద్ స్టేషన్లో దిగాక, నా పాత నోరు ఊరుకోలేదు. "నేను ముడి ఇప్పలే గనకనే నీ కన్ను దక్కింది మామా. సగం డాక్టర్ని నేనే!" అన్నాను.

మామ ఆగి, ఆ మసక కన్ను చికిలించి నన్ను తేరిపార చూశాడు. "నీ చేతికొచ్చిన బుద్ధి నీ నోటికెప్పుడొస్తదిరా?"