మెడలో కార్డు తియ్యని మనిషి

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు మా ఆవిడ ఫోన్ చేసి, "ఎదురింటి అన్న పోయినాడు" అంది. నేనప్పుడు షోళింగనల్లూరులో మా ఆఫీసు ఆరో అంతస్తులో, ఎవరో తెర మీద ఏదో చూపిస్తుంటే తలూపుతూ కూర్చున్నాను. మాధవరం బస్‌స్టాండు బయట, తన ఆటోలోనే, హ్యాండిల్ మీదికి వాలి పోయాడట. పురసవాక్కం వెళ్ళాలని ఒకావిడ వచ్చి రెండుసార్లు పిలిచి, నిద్రపోతున్నాడనుకుని పక్క ఆటో ఎక్కిందట. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. యాభై కూడా నిండలేదు.

నేను వెంటనే లేచి రాలేదు. ఇంకో అరగంట ఆ మీటింగులోనే కూర్చున్నాను. ఆయన విషయంలో నేను లేవాల్సిన చోట లేవకపోవడం అది మొదటిసారి కాదు. ఆ సంగతి చెప్పకుండా ఆయన గురించి మంచిమాటలు రాస్తే, అది రాసినట్టే కాదు.

అన్న మాకు చుట్టం కాదు. పాల కాలనీలో మావి ఎదురెదురు ఇళ్ళు. రెండు కుటుంబాలూ ఎన్ని తరాల కిందట ఈ ఊరు చేరాయో ఎవరికీ గుర్తు లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అందరి ఆటోల అద్దాల మీద దేవుడి పేరో పిల్లల పేర్లో ఉంటాయి కదా, ఆయన ఆటో అద్దం మీద మా కాలేజీ పేరు ఉండేది, పసుపుపచ్చ అక్షరాల్లో. రంగు వెలిసినప్పుడల్లా తనే బ్రష్షు పట్టుకుని దిద్దేవాడు. "నాకు సవతి వేరే యాడా లేదు, ఆ అద్దం మీదే ఉండాది" అనేది వదిన. చదువుకునే వయసువాళ్ళు ఎవరెక్కినా ముందు "ఏ కాలేజీ?" అని అడిగి, ఆ తరవాతే ఎక్కడికని అడిగేవాడు. మా కాలేజీ అయితే దారంతా కబుర్లే. వేరే పేరు చెబితే, "సరి, అదీ కాలేజేలే" అనేవాడు, పాపం అన్నట్టుగా.

మా ఆఫీసులో భోజనాల దగ్గర ఎవరు ఏ కాలేజీలో ఎందుకు చేరారన్న మాట అప్పుడప్పుడు వస్తుంది. ర్యాంకులంటారు, ప్రొఫెసర్లంటారు, ఉద్యోగాలంటారు. పాత కాలేజీ పేరున్న టీషర్టులు శుక్రవారాలు వేసుకొస్తారు. కాకిపిల్ల కాకికి ముద్దు. నేను మాత్రం ఆ మాట వచ్చినప్పుడు పెరుగన్నం మీద దృష్టి పెడతాను. నేను చేరింది బస్సు కోసం.

నిజంగానే. పాతికేళ్ళ కిందట పాల డిపోలో పనిచేసే మా నాన్న, నా మార్కుల కాగితం పట్టుకుని ఎదురింటికి వెళ్ళాడు. అన్న అప్పటికి ఆ కాలేజీలో రెండేళ్ళు చదివాడు. కాగితం వైపు కూడా చూడలేదు. "మామా, ఈడ ఎక్కితే ఆడ దిగేదే. నడాన మారే పని లేదు. పిల్లోనికి ఇంకేం కావాల? నేనుండా కదా" అన్నాడు. మా నాన్నకు ఆ చివరి మాట చాలింది.

కాలేజీ మీద ప్రేమ క్లాసు గదిలో పుడుతుందనుకునేవాళ్ళు చెన్నై సిటీ బస్సులో చదువుకు వెళ్ళినవాళ్ళు కాదు. ఇక్కడ ఏ పిల్లవాడు ఏ బస్సులో వస్తాడో వాడు ఆ బస్సు మనిషి. ప్రతి రూటుకూ ఒక పెద్ద ఉంటాడు, రూట్ తల అంటారు. మా రూటుకు అన్నే తల. వెనక మెట్టు మీద నిలబడి, అరచేత్తో బస్సు రేకు మీద దరువు వేస్తూ పాట ఎత్తుకునేవాడు. మేం అందుకునేవాళ్ళం. మొదటి వారమే నాకు ఆ దరువు పట్టుబడింది. రెండో వారానికి ఆ కాలేజీని ఎవరైనా ఒక మాటంటే కొట్టడానికి సిద్ధంగా ఉన్నాను. అప్పటికింకా నాకు లైబ్రరీ ఎక్కడుందో తెలియదు.

మా బస్సులో ఒక పద్ధతి ఉండేది. బస్సెక్కగానే చిన్నవాళ్ళందరి ఐడీ కార్డులూ అన్న తీసుకుని చొక్కా లోపల పెట్టుకునేవాడు. తోపులాటలో ఎవడి కార్డయినా కింద పడితే, అది పోలీసుల చేతికి వెళ్ళి, అక్కణ్ణుంచి ప్రిన్సిపాలు బల్ల మీదికి వస్తుంది. అందుకని. కాలేజీ గేటు దగ్గర ఎవరిది వాళ్ళకు ఇచ్చేసేవాడు. తన కార్డు మాత్రం మెడలోనే ఉండేది. "అన్నా, నీదో?" అని ఒకసారి అడిగాను. "మన పేరు మనం దాచి పెట్టుకునేదానికా చేరింది?" అన్నాడు.

ఆ మొదటి ఏడాదే ఒకరోజు పురసవాక్కం సిగ్నలు దగ్గర ఇంకో కాలేజీ పిల్లల బస్సు మా పక్కన ఆగింది. అటు నుంచి వాళ్ళు మా కాలేజీని తిడుతూ పాట, ఇటు నుంచి మేము. రోజూ ఉండేదే. రోడ్డు పని కోసం పోసిన కంకర కుప్ప మెట్టు పక్కనే ఉంది. నేను వంగి ఒక రాయి తీసుకుని విసిరాను. ఎందుకని మీరడిగితే, అన్న చూస్తున్నాడని. అంతకన్నా మంచి కారణం ఇన్నేళ్ళలో నాకు దొరకలేదు.

రాయి ఎదుటి బస్సు కిటికీలోంచి వెళ్ళి, అక్కడ కూర్చున్న కుర్రవాడి కంటికి తగిలింది. అతను పాడనూ లేదు, అరవనూ లేదు. ఒళ్ళో నోటుబుక్కు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఎడమ కన్ను పోయింది.

అన్న నా మణికట్టు పట్టుకున్నాడు. కొడతాడనుకున్నాను. "పో. ఆ సందులో దూరి ఇంటికి పో. తిరిగి చూడబాక" అని మెట్టు మీంచి తోసేశాడు. నేను పరిగెత్తాను. మిగతాది తరవాత తెలిసింది. పోలీసులు వచ్చేలోగా కాలవ వంతెన మీదికి వెళ్ళి, చొక్కాలోని కార్డులన్నీ నీళ్ళలో పారేశాడట. మెడలో ఉన్నది మాత్రం తియ్యలేదు. పోలీసులు ఆ తాడు పట్టుకునే లాక్కెళ్ళారు.

వారం తరవాత మేమందరం కార్డు పోయిందని అర్జీ రాసి కొత్తవి తీసుకున్నాం. వాటి మీద ఎర్రగా 'డూప్లికేట్' అని ముద్ర వేసి ఇచ్చారు. ఆ కార్డుతో నేను డిగ్రీ పూర్తి చేశాను, పై చదువు చదివాను, ఉద్యోగంలో చేరాను. అన్నను కాలేజీలోంచి తీసేశారు. కేసు ఏడేళ్ళు నడిచింది. సాక్ష్యం చాలలేదని చివరికి కొట్టేశారు కానీ, అప్పటికి ప్రభుత్వ ఉద్యోగం వయసు, ఆశ, రెండూ అయిపోయాయి. ఆటో కొన్నాడు. కొన్న మొదటిరోజే అద్దం మీద ఆ పేరు రాయించాడు.

నాకు అది చూసి ఒళ్ళు మండింది. నిజానికి సిగ్గేసింది, కోపంగా బయటికొచ్చింది. "నిన్ను తీసేసినోళ్ళ పేరు ఎందుకన్నా?" అన్నాను. "వాళ్ళు తీసేస్తే నేను తీసేస్తానా?" అన్నాడు. అంతే. కాలేజీ కబడ్డీ జట్టు గెలిచినా, కొత్త గేటు కట్టినా, వీధిలో అందరికీ తనే చెప్పేవాడు. తను కట్టించినట్టే.

వాయిదాలకు కోర్టు వరండాలో ఆ కన్ను పోయిన ఆయన, అన్న ఏడేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. మొదట మొహాలు తిప్పుకున్నారు. తరవాత ఒకే టీ కొట్టు. ఒకరోజు ఆయన, "నిజం చెప్పు, నువ్వేనా విసిరింది?" అని అడిగాడట. "మా బస్సులోంచి వచ్చింది. అంటే నేనే అనుకో" అన్నాడట అన్న. ఆయన మళ్ళీ అడగలేదు.

పోయిన నెల మా అబ్బాయిని తీసుకుని బట్టలు కొనడానికి అన్న ఆటోలోనే పురసవాక్కం వెళ్ళాం. ప్లస్ టూ అయింది వాడికి. అన్న వెనక్కి తిరగకుండానే, "ఏ కాలేజీరా?" అన్నాడు. ఇంకా తేల్చుకోలేదు పెదనాన్నా అని వాడు తమిళంలో చెప్పాడు.

"మీ నాయన బస్సు చూసి చేరినాడు. నువ్వు బస్సు చూడబాక."

"మరి ఏం చూడాలి?" అన్నాడు వాడు, ఈసారి తెలుగులో.

"నీకేమన్నా అయితే పక్కన ఎవుడు నిలబడతాడో, అది చూసి చేరు" అన్నాడు అన్న.

మా వాడు నవ్వాడు. నేను కిటికీ లేని ఆటోలో కిటికీ వెతుక్కున్నట్టు బయటికి చూశాను. వాడు దుకాణంలోకి వెళ్ళాక, పాతికేళ్ళుగా అడగనిది అడిగాను. "అన్నా, ఆ కన్ను పోయినాయనకు చెప్పాల్నా?"

అన్న ఇంజను ఆపాడు. "నా బస్సులో వాని పేరు నా నోట్లోంచి రాదు. చచ్చినా రాదు. నువ్వు చెప్పాలంటే నువ్వే పోయి చెప్పు. నేను వద్దనలేదే, ఎప్పుడన్నా వద్దన్నానా?" అన్నాడు.

వద్దనలేదు. ఒక్కసారి కూడా.

బుధవారం మధ్యాహ్నం వీధి నిండా జనం. బట్టతలలు, కళ్ళద్దాలు, పొట్టలు, మా పాత బస్సంతా వచ్చింది. నేను బీరువాలోంచి నా డూప్లికేట్ కార్డు వెతికి తీసి జేబులో పెట్టుకున్నాను. ఆయన గుండెల మీద పెడదామనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక, ఇదేమిటని ఎవరైనా అడిగితే? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే వెనక్కి వచ్చేశాను.

ఆ కన్ను పోయిన ఆయన వచ్చాడు. నల్లద్దాలు, చేతిలో చిన్న పూలదండ. దండ వేసి, వచ్చి నా పక్కనే నిలబడ్డాడు. "మీరూ ఆ బస్సేనా?" అని తమిళంలో అడిగాడు. ఔనన్నాను. "ఆ రోజు బస్సులో అందరూ చిన్నపిల్లలేనని చెప్పేవాడు. తనకన్నా చిన్నవాళ్ళని" అన్నాడు. నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూడాలని తలెత్తాను. నల్లద్దాల్లో నా మొహమే కనపడింది. అంతలో లేపండి లేపండి అని అరిచారు. నేను ఆ అరుపు వెనక దాక్కున్నాను.

ఇదంతా ఇప్పుడు తెలుగులో రాశాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే రాశాను. పిరికితనానికి వయసు పెరిగితే ఇలాంటి తెలివితేటలే వస్తాయి. ఆయన ఇంటి అడ్రసు వదిన దగ్గర ఉంది. ఇంకా అడిగి తీసుకోలేదు.

శవాన్ని తీసుకెళ్ళే వ్యాను ఒళ్ళంతా దుమ్ము. అది కదలగానే ఎవరో అరచేత్తో దాని రేకు మీద ఒక్క దెబ్బ వేశారు. ఇంకొకరు అందుకున్నారు. ఆ పాత దరువే. పాట ఎవరూ ఎత్తుకోలేదు, ఎత్తుకునేవాడు లోపల ఉన్నాడు. నల్లద్దాల ఆయన కూడా ముందుకు వెళ్ళి, లయ తెలియక తప్పుగా, రెండుసార్లు తట్టాడు. వ్యాను మలుపు తిరుగుతుంటే దాని పక్క మీద దుమ్ములో అరచేతుల గుర్తులు వరసగా కనపడ్డాయి. అందులో నాది లేదు. నా కుడిచెయ్యి జేబులోనే ఉంది, కార్డు అంచు వేళ్ళకు గుచ్చుకుంటూ.