గోరుకు తగిలే నీలం గాజు

కిష్టారెడ్డిపేటలో అపార్టుమెంట్లు అయిపోయి ఖాళీ ప్లాట్లు మొదలయ్యే చోట యాదగిరి రేకుల షెడ్డు ఉంది. అందులో ఎల్సీ చేసే పనిని ఆమె చెల్లెలు 'చెత్త ఏరుకునే పని' అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. గ్రానైటు ఫ్యాక్టరీలు కోసి పారేసిన అంచులు, తాండూరు బండల విరుగుళ్లు, ఫంక్షన్ హాళ్ల వెనక గుట్టపడ్డ సీసాలు, పగిలిన కిటికీ అద్దాలు, అన్నీ ట్రాలీ ఆటోలో వచ్చి షెడ్డు ముందు దిగుతాయి. పోయేటప్పుడు మాత్రం టీపాయ్‌లుగా, పూలకుండీలుగా, అరుగు మీద పరిచే పలకలుగా పోతాయి. మధ్యలో జరిగేది ఎల్సీ చేతుల్లో జరుగుతుంది.

ఆమెకు యాభై దాటాయి. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో చాలా ఏళ్లు ప్యాకింగ్ చేసి, తెల్లవారకముందే షిఫ్టు బస్సు వెంట పరుగెత్తడం విసుగొచ్చి మానేసింది. ఇక్కడ పాడుకుంటూ పనిచేసుకోవచ్చు. ఆమె పాడేవన్నీ చర్చి కీర్తనలే. యాదగిరికి వినీ వినీ సగం నోటికి వచ్చేశాయి. బోనాల నాడు కూడా అవే కూనిరాగం తీస్తాడని అతని భార్య నెత్తి కొట్టుకుంటుంది.

పని చూడ్డానికి తేలికే. గాజును గోనెసంచిలో మూటగట్టి సుత్తితో కొట్టాలి. ముక్కల్ని ఇసుక, నీళ్లతో పాత డ్రమ్ములో తిప్పితే అంచుల పదును చస్తుంది. బట్టల సోడాతో కడిగి ఆరబెట్టాలి. చెక్క చట్రంలో తెల్ల సిమెంటు, రాతి పలుకులు కలిపి పోసి, అది గట్టిపడకముందే గాజు ముక్కల్ని ఒక్కొక్కటీ చేత్తో అద్దాలి. తడి గోనె కింద కొన్నాళ్లు ఉంచి, తర్వాత నీళ్లు పోస్తూ మిషనుతో సానపడితే, అంతదాకా సున్నపు ముద్దలా పడి ఉన్న పలకలోంచి రంగులు బయటికొస్తాయి. అది చూసిన ప్రతిసారీ ఎల్సీకి కడుపు నిండినట్టుంటుంది.

షెడ్డులో కట్టుబాట్లు రెండే. ఒకటి, గాజుకు నూనె చెయ్యి తగలకూడదు. జిడ్డంటిన ముక్కను సిమెంటు పట్టుకోదు, సానపట్టేటప్పుడు కదిలే పన్నులా ఊడొస్తుంది. రెండోది యాదగిరి గోరు. పలక తయారయ్యాక అతను కళ్లు మూసుకుని దాని మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గోరుతో గీస్తాడు. ఎక్కడన్నా గోరు తగిలిందంటే ఆ పలక మళ్లీ మిషను కిందికే.

ఎల్సీ వాళ్ల ఊరి పాత చర్చిని విప్పి కొత్తది కట్టారు. పాతదానికి రంగు అద్దాల కిటికీలుండేవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అద్దాలు చాలా ఉన్నా, నీలం అద్దం ఒక్కటే, ప్రసంగ పీఠం పక్కన. ఆదివారం పొద్దున ఎండ దాంట్లోంచి పడి నేల మీద దుప్పటంత నీలం వెలుగు పరిచేది. సండే స్కూలు చెప్పే పుష్పమ్మ టీచరు, వాక్యం తడబడకుండా అప్పజెప్పిన పిల్లల్ని ఆ వెలుగులో కూర్చోబెట్టేది. ఎల్సీకి పాట ఒక్కసారి వింటే వచ్చేది గానీ వాక్యం ఎన్నిసార్లు చదివినా నిలిచేది కాదు. ఆ నీలంలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఇంత వయసొచ్చినా ఆ దిగులు ఆమెకు పూర్తిగా పోలేదు, దాచుకోవడం మాత్రం వచ్చింది.

కూల్చేటప్పుడు కూలీలు అద్దాలన్నీ పగలగొట్టారు. ఎల్సీ పరుగున వెళ్లి ఏరుకుంటే నీలంలో అరచేయంత ముక్క ఒక్కటే పనికొచ్చేది దొరికింది. కొత్త చర్చిలో ప్రభు భోజనపు బల్లకు పైపలక తానే చేస్తానని, ఆ పాత గాజే అందులో పెడతానని పాస్టరు అయ్యగారిని అడిగింది. ఆయన సరేనన్నారు. నీలం ముక్క మాత్రం నడిమధ్య పుష్పమ్మ టీచరు చేత్తోనే పెట్టించాలని చర్చి స్త్రీల సమాజం పట్టుబట్టింది. పుష్పమ్మకు ఇప్పుడు వెలుతురు, నీడ తప్ప మరేమీ కనబడవు.

ఆ శనివారం ఆడవాళ్లంతా షెడ్డుకొచ్చారు. ఎల్సీ అందరిచేతా సోడాతో చేతులు కడిగించింది, పుష్పమ్మ చేతులైతే తనే కడిగి తుడిచింది. ఆ తర్వాత పుష్పమ్మ తన అలవాటు ప్రకారం ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. శనివారం కదా, రేపు చర్చికి పోవాలని అందరూ తలకు కొబ్బరినూనె దండిగా పట్టించుకుని వచ్చారు. ఎల్సీ కూడా అంతే. చివరి ప్రార్థన అయ్యేసరికి టీచరమ్మ అరచెయ్యి నిగనిగలాడుతోంది. ఎల్సీ చూసింది. నోరు తెరిచింది. ఇప్పుడే తలమీద పెట్టి దీవించిన చేతిని మళ్లీ కడుక్కోమనడం ఎట్లా? ఆమె నోరు మూసుకుంది. పుష్పమ్మ నీలం ముక్కను రెండు చేతులతో తడిమి, తడి సిమెంటులో ఎల్సీ చూపించిన చోట అద్దింది.

కొత్త చర్చి ప్రతిష్ఠ ఆరాధన ఆ పై వారం, ఆదివారం. శుక్రవారం యాదగిరి మిషను పెట్టాడు. ఎరుపు తేలింది, పసుపు తేలింది, ఆకుపచ్చ తేలింది. నీలం మీదికి మిషను వచ్చేసరికి టక్కుమని చప్పుడైంది. నడిమధ్య గుంట మిగిలింది. ముక్క నీళ్లతో పాటు కాలువలో కొట్టుకుపోయి తెల్లటి రాతి బురదలో ఎక్కడో పడింది.

ఎల్సీ కాలువ పక్కన కూర్చుని బురదలో చెయ్యి పెట్టింది.

"పరేషాన్ గాకక్కా," అన్నాడు యాదగిరి. "మనకాడ నీలం సీసాలు లెవ్వా? గా సైజు ముక్క కొట్టి పెడదాం. ఎవలికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద యాదన్నా."

"మరి గీ బురదల ఏడ దేవులాడుతవు?"

"నువ్వు జల్లెడ పట్టు. నేను ఎత్తిపోస్త."

యాదగిరి గొణిగాడు గానీ జల్లెడ పట్టాడు. వారమంతా పేరుకున్న బురదను తట్టలతో ఎత్తి, కడిగి, మళ్లీ ఎత్తారు. ఎల్సీ పాట ఆ రోజంతా వినబడలేదు. పొద్దు వాలుతుండగా యాదగిరి జల్లెడ అంచున నీలంగా ఏదో మెరిసింది. ఒక మూల కాస్త చిట్లింది, అంతే. ఎల్సీ దాన్ని కొంగుతో తుడిచి చెంపకు ఆనించుకుంది. యాదగిరి వేరే పనున్నట్టు అటు తిరిగాడు.

ముక్కను సోడాతో కడిగి, జిగురు పోసి గుంటలో అతికించింది. జిగురు మందం వల్ల అది వెంట్రుక వాసి పైకి నిలబడింది. మళ్లీ మిషను పెడితే ఈసారి పగిలే పోతుందేమోనని భయం. చెయ్యి కోయకుండా అంచుల్ని చేత్తోనే సన్నరాయితో అరగదీసి, మిగతా పలకంతా మెరుగు పెట్టారు. యాదగిరి అలవాటుగా గోరు గీశాడు. నడిమధ్య తగిలింది.

"నా షెడ్డుల నుంచి గిట్లాంటి పలక ఇంతదాక పోలె," అన్నాడు నొచ్చుకుంటూ.

"కండ్లకు కనవడదు, యాదన్నా."

"టీచరమ్మ కండ్లతోని సూస్తదా?"

ఆ మాట ఎల్సీకి ఆదివారం దాకా ములుకులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆరాధన బాగా జరిగింది. కొత్త కిటికీల్లోంచి తెల్లటి ఎండ పడి బల్లంతా రంగులు మెరిశాయి. అందరూ మెచ్చుకున్నారు. పలక దించడానికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయిన యాదగిరిని కూడా పట్టుకుని ఇద్దరు ముగ్గురు వందనాలు చెప్పారు. జనం పలచబడ్డాక పుష్పమ్మ ఎల్సీ భుజం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. వేళ్లతో పలకను నిమురుతూ అంచు నుంచి మెల్లగా మధ్యకు వెళ్లింది. గోరు తగిలింది. ఆగింది. గుమ్మంలో యాదగిరి తల దించుకున్నాడు.

"అంత నున్నగుంది, గిదొక్కటే చేతికి తాకుతుంది. ఏందే ఎల్సీ?"

ఆ బల్ల దగ్గర అబద్ధం చెప్పడం ఎల్సీ వల్ల కాలేదు. "ఊడిపోయింది టీచరమ్మా. బురదల దేవులాడి తెచ్చి మళ్ల పెట్టిన. ఆ దినం మీ చేతికి నూనె ఉండె. సూసిన గానీ, కడుక్కోమని చెప్ప నోరు రాలె."

పుష్పమ్మ భుజాలు కదిలేలా నవ్వింది. "నూనె నాదేందే, మీ నెత్తులదే గద."

"తప్పయింది టీచరమ్మా."

"ఏం తప్పు? అంత నున్నగ జేసినవనుకో, నా ముక్క నాకు ఏడ దొరుకుతది?" ఆమె వేళ్లు నీలం ముక్క చుట్టూ తిరిగి, చిట్లిన మూలను కూడా కనుక్కున్నాయి. "పొద్దుగాలటి నుంచి అందరు రంగులు, రంగులు అంటున్నరు. నాకు తెల్లగ తప్ప ఏం కనవడలె. ఇప్పుడు దొరికింది."

పుష్పమ్మ ఎల్సీ చెయ్యి వెతికి పట్టుకుని, వేళ్లు విప్పి, నీలం ముక్క మీద బోర్లించి, పైన తన చెయ్యి పెట్టింది.

"వాక్యం వచ్చిందా మరి?"

"రాలె టీచరమ్మా," అంది ఎల్సీ, ఏడుస్తూ.

"ఇన్నేండ్లు జూసిన, నీకు ఇగ రాదు తియ్యి," అంది పుష్పమ్మ. "ఊకెనే నీలంల కూసో బిడ్డా."