మంగ్లు వంతు పాఠం

సోములమ్మది హుకుంపేట దగ్గర ఒక కొండ ఊరు. అక్కడి అంగన్‌వాడీలో ఆయా. 2002 జూన్ లోపు పదో తరగతి పాసైతే టీచరు ఉద్యోగం ఆమెదే, లేకపోతే కింద మైదానం నుంచి ఎవరో వస్తారు. అందుకే దూరవిద్యలో చేరింది. ఆదివారాలు హుకుంపేట సెంటర్లో సైన్సు తరగతి నాది.

మొదటి రోజే తెగేసి చెప్పాను. "పాఠం నేను చెప్పను. పాఠానికొకటి, ఈ అయిదు క్యాసెట్లూ మీలో మీరు మార్చుకుని ఇంటి దగ్గర వినండి. ఇక్కడ నేను అడుగుతాను, మీరు చెప్పాలి."

ఏదో ట్రైనింగులో విన్న పద్ధతి. నేనే కనిపెట్టినంత గర్వంగా ఉండేది నాకు. ఆ ఊరి నుంచి వచ్చేవాళ్లు అయిదుగురు.

వారం తిరిగాక సోములమ్మని రెండో పాఠం అడిగాను.

"అది మంగ్లు వంతు మేస్టారూ," అంది పక్కనున్నతన్ని చూపించి, నిబ్బరంగా. "నాది ఒకటోది. అడగండి, సెప్తాను."

మిగతావాళ్లదీ అదే వరస. ఆ ఊళ్లో పశువుల్ని వంతులవారీగా మేపుతారు. ఒకింటివాళ్లు ఊరి మందనంతా కొండకి తోలుకెళ్తే తక్కినవాళ్లు నిశ్చింతగా పొలానికి పోతారు. పాఠాల్ని కూడా అలాగే పంచేసుకున్నారు!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పరీక్షలో నీ బదులు మంగ్లు రాస్తాడా?" అని అరిచాను.

సోములమ్మ తల దించుకుంది. మెల్లగా అడిగింది. "అయితే ఆడి పాఠం ఆడే మాకు సెప్పకూడదేటి మేస్టారూ?"

మంగ్లు లేచాడు. సగం తెలుగు, సగం ఒడియా. సోములమ్మ మూడుసార్లు ప్రశ్నలతో అడ్డుకుంది. మూడో ప్రశ్నకి అతను తెల్లమొహం వేశాడు. అందరూ నావైపు చూశారు. అప్పుడు లేచాను నేను, జవాబు చెప్పడానికి. నా గొప్ప పద్ధతి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. సిగ్గేసింది కూడా.

అప్పట్నుంచి అలాగే నడిచింది. పరీక్షల ముందు ఆ అయిదుగురిలో గాసి అనే కుర్రాడు మలేరియాతో పడిపోయాడు. అతని క్యాసెట్ సోములమ్మ తీసుకెళ్లి విని, వచ్చి అందరికీ చెప్పింది. పరీక్షలో పెద్ద ప్రశ్న అందులోంచే వచ్చింది. సోములమ్మ సైన్సులో పాసుకి రెండంటే రెండు మార్కులు ఎక్కువతో గట్టెక్కింది. గాసి పరీక్షే రాయలేకపోయాడు.

టీచరుగా చేరిన వారమే, ఆదివారం, మళ్లీ తరగతికొచ్చి కూర్చుంది.

"పాసైపోయావు కదమ్మా, ఇంకేం పని?" అన్నాను.

"గాసి రాయాలి కద మేస్టారూ. ఆడు జొరంతో ఉంటే ఆడి పాఠం నేనిన్నాను. అది ఆడికింకా సెప్పనేదు."